పెనం దగ్గర ఎవరు నిలబడాలి?

దోసెతో ఒక చిక్కుంది. ఒక్కొక్కటే వస్తుంది, వేడి మీదే తినాలి, కాబట్టి వేసే మనిషి ఆఖర్న తినాలి. పప్పో పులుసో అయితే వండి దించేసి అందరితో పాటు కూర్చోవచ్చు, దోసెల రోజున మాత్రం ఎవరో ఒకరు పెనం దగ్గర నిలబడే ఉండాలి.

2009లో హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో మేం నలుగురం కుర్రాళ్ళం ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. అందరం అప్పుడే ఉద్యోగాల్లో చేరినవాళ్ళం, ఇద్దరు కృష్ణా జిల్లా, ఒకడు వరంగల్, ఒకడు అనంతపురం. ఆదివారం పొద్దున వీధి చివరి కొట్లో పిండి కొనుక్కొచ్చి దోసెలు వేసుకునేవాళ్ళం. మొదటి రెండు వారాలు వరంగల్ కుర్రాడే వేశాడు, వాడికి బాగా వచ్చు కాబట్టి. మూడో వారం వాడు గరిటె గట్టు మీద పెట్టేసి, నేను వేస్తూనే ఉంటే నా దోసె ఎవరు వేస్తారురా అన్నాడు. అందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఒక్కొక్కడు మూడు దోసెలు వేసి గరిటె పక్కవాడికి ఇవ్వాలి, వాడు మూడు వేసి ఇంకొకడికి. నా మొదటి దోసెలు పెనానికి అంటుకుపోయి ముక్కలుగా వచ్చాయి, వాళ్ళు ఆ ముక్కలే తిన్నారు, నెల తిరిగేసరికి నాకూ వచ్చేసింది.

మిగతా పనులకి గోడ మీద ఒక కాగితం ఉండేది. అన్నం మెతుకులతో అంటించాం. వంట, గిన్నెలు, నీళ్ళు పట్టడం, చెత్త పడెయ్యడం, నాలుగు పేర్లు, వారం వారం మారేవి. వండినవాడు గిన్నెలు తోమకూడదు. వంతు తప్పినవాడు కర్రీ పాయింట్ నుంచి అందరికీ కూరలు తేవాలి, తన డబ్బుతో. ఈ రూల్స్ మాకు ఎవరూ నేర్పలేదు. సమానత్వం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నలుగురం పొద్దున వెళ్ళి రాత్రి వస్తున్నాం, నలుగురికీ ఆకలేస్తుంది, నలుగురికీ అలసట ఉంది, ఇంకెలా చేస్తాం?

2012లో నాకు పెళ్ళయింది. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి, నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇద్దరం తొమ్మిదీ తొమ్మిదింబావుకి బయల్దేరతాం, ఇద్దరం ఏడు దాటాక ఇంటికొస్తాం. అంటే రూమ్‌లో ఎలా ఉండేదో అలాగే, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ బయట పనిచేసి వచ్చేవాళ్ళే. అయినా ఆదివారం పెనం దగ్గర ఎప్పుడూ ఆవిడే. పదేళ్ళ పాటు, దాదాపు ప్రతి ఆదివారం.

ఇది నాకు నేనుగా కనిపించలేదు. 2022లో ఒక ఆదివారం ఆ వరంగల్ స్నేహితుడే మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ దోసెలు వేస్తోంది. మూడు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "చెల్లెమ్మా, నువ్వెళ్ళి కూర్చో, నా వంతు" అన్నాడు. వాడికి అది మర్యాద కాదు, గొప్ప కోసం కాదు, అలవాటంతే. తిన్నాక గరిటె పట్టుకోవాలి, వాడి లెక్కలో దోసెల రోజు అంటే అదే. మా ఆవిడ వద్దన్నయ్యా వద్దన్నయ్యా అంటూనే వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది. వేడి దోసె కంచంలో పడింది. ఆవిడ తినడం మొదలుపెట్టింది. అప్పుడు గమనించాను, పిల్లలతో కలిసి కూర్చుని ఆవిడ దోసె తినడం నేను మా ఇంట్లో చూడలేదు.

వాడు వెళ్ళిపోయాక అడిగింది. "మీ రూమ్‌లో అందరూ వేసేవాళ్ళా?"

"అందరం వేసేవాళ్ళం."

"మీరు కూడా?"

"నేను కూడా."

"అయితే మీకు వచ్చు."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మగవాళ్ళకి ఇంటి పని రాదు, అలవాటు లేదు, మా అమ్మలు నేర్పలేదు, నెమ్మదిగా మారతాం అని మనం చెప్పుకుంటాం కదా, నా విషయంలో అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. నాకు వచ్చు, మూడేళ్ళు చేశాను, న్యాయంగా పంచుకోవడం ఎలాగో కూడా తెలుసు. హాస్టళ్ళలో, రూముల్లో, అమెరికాలో ఎం.ఎస్. చదువుతూ నలుగురైదుగురు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ వంట వంతులు, గిన్నెల వంతులు వేసుకున్న వేలమంది తెలుగు కుర్రాళ్ళకి తెలుసు. తోటి మగవాడితో ఉన్నప్పుడు తెలిసిన న్యాయం పెళ్ళి కాగానే ఎక్కడికి పోతోంది? నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ ప్రశ్న కోసమే.

నేను ఇంట్లో ఏమీ చెయ్యనివాణ్ణి కాదు. నిజంగానే కాదు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బండి సర్వీసింగ్, పిల్లల ఫీజులు, ఆదివారం రైతుబజారు, ఫ్యాన్ తుడవడం, కుళాయి కారితే ప్లంబర్‌ని పిలవడం, అపార్ట్‌మెంట్ మీటింగులకి వెళ్ళడం, ఇవన్నీ నావే. అందుకే సగం నేనే చేస్తున్నానని గట్టిగా నమ్మేవాణ్ణి. ఈ నమ్మకం నా ఒక్కడిదే కాదని తర్వాత చదివాను. 1979లో కెనడాలో మైకేల్ రాస్, ఫియోరి సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు పెళ్ళైన జంటలని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. ఇద్దరి జవాబులూ కలిపితే రూపాయికి పదహారణాలు దాటిపోయేది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు చేసిన పని వాళ్ళకి గుర్తుంటుంది, పక్క మనిషి చేసింది సగం కంటబడదు, కంటబడింది కూడా గుర్తుండదు. కాబట్టి ఇద్దరు కూర్చుని నోటిమాటగా నేనెంత, నువ్వెంత అని వాదించుకుంటే ఎన్నటికీ తేలదు. రాసుకోవాలి.

రాసుకున్నాం. ఒక వారం, పాత క్యాలెండర్ కాగితాల వెనక. ఎవరు ఏ పని చేస్తే వాళ్ళు టైముతో సహా రాయాలి, అంతే. వారం అయ్యాక నేను కూర్చుని అకౌంట్స్ పుస్తకం చూసినట్టు చూశాను. పనుల సంఖ్యలో నేను వెనకే ఉన్నా మరీ చిన్నతనంగా ఏమీ లేదు, ఆవిడవి మూడుంటే నావి రెండున్నాయి. కాస్త సర్దుకుంటే సరిపోతుందనిపించింది. కానీ టైము గడి చూస్తే కథ వేరేగా ఉంది. నా పనుల్లో దేన్నీ ఫలానా గంటకి చెయ్యాల్సిన అవసరం లేదు. కరెంటు బిల్లు ఇవాళ కట్టొచ్చు, ఎల్లుండి కట్టొచ్చు. ఫ్యాన్ వచ్చే ఆదివారం తుడవొచ్చు. బండి సర్వీసింగ్ పది రోజులు ఆగుతుంది. ఆవిడ పనుల్లో దాదాపు ఏదీ ఆగదు. పాల ప్యాకెట్లు పొద్దున్నే లోపల పెట్టాలి, లేకపోతే విరుగుతాయి. ఏడుంబావుకి పిల్లల బస్సు, ఆలోపు టిఫిన్, రెండు డబ్బాలు, రెండు నీళ్ళ సీసాలు. రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం. తిన్నాక గట్టు సర్దడం, పొద్దుటికి కావాల్సినవి నానబెట్టడం.

నా పనులు నా తీరికని బట్టి నడిచేవి. ఆవిడ తీరిక ఆవిడ పనులని బట్టి నడిచేది. పనుల సంఖ్య ఎంత సమానంగా పంచినా ఈ తేడా అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే వాయిదా వెయ్యగల పనులన్నీ ఒకరి వైపు, వాయిదా పడనివన్నీ ఇంకొకరి వైపు చేరతాయి, అలా ఎవరు పంచారంటే ఎవరూ పంచలేదు, మనకి ముందు తరాల నుంచి అలా వచ్చేసింది. రూమ్‌లో మేం గోడకి అంటించిన కాగితం మీద ఉన్న నాలుగూ చూడండి. వంట, గిన్నెలు, నీళ్ళు, చెత్త. నాలుగూ ఆగని పనులే. కరెంటు బిల్లు ఆ కాగితం మీద లేదు, ఎవడో ఒకడు కట్టేవాడు, దాని కోసం ఎవరూ గొడవ పడలేదు. మేం అప్పుడు సరైనవే పంచుకున్నాం.

తోడు పెట్టడం తీసుకోండి. ఇంత చిన్న పని ఇంకొకటి ఉండదు, అర నిమిషం. పాలు కాచి చల్లారనివ్వాలి. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి, మరీ వేడి మీద వేస్తే పెరుగు నీళ్ళు నీళ్ళుగా వస్తుంది, మరీ చల్లారితే తోడుకోదు. మే నెలలో అరచెంచా చాలు, ఎక్కువైతే తెల్లారేసరికి పులిసి కూర్చుంటుంది. డిసెంబరులో కాస్త ఎక్కువ వేసి, గిన్నెకి గుడ్డ చుట్టి, గాలి తగలని చోట పెట్టాలి. ఆ చెంచాడు పెరుగు ఉండాలంటే మధ్యాహ్నమో రాత్రో ఎవరూ గిన్నె అడుగంటా గోకెయ్యకుండా చూసుకోవాలి. ఇదంతా రాత్రి తొమ్మిదిన్నరకీ పదిన్నరకీ మధ్య జరగాలి, ప్రతి రాత్రీ జరగాలి, ఒంట్లో బాగాలేకపోయినా జరగాలి, ఆఫీసులో క్వార్టర్ ముగింపు టెన్షన్‌లో ఉన్నా జరగాలి. లిస్టులో ఇది ఒక్క గీత. ఆ ఒక్క గీత కోసం ఒక మనిషి పదేళ్ళుగా పాలు చల్లారేదాకా మెలకువగా ఉంటోంది. మేం పెరుగన్నం తిని పడుకునేవాళ్ళం, పెరుగు గిన్నెలోకి ఎలా వచ్చిందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆదివారం ఇడ్లీ అంటే శనివారం మధ్యాహ్నమే మొదలవుతుంది. గ్లాసు మినప్పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి నానబెట్టి పిండి కలపాలి, రాత్రంతా పులవాలి. శనివారం మధ్యాహ్నం మరిచిపోతే ఆదివారం ఇడ్లీ లేదు. నేను ఆదివారం పొద్దున లేచి, ఇవాళ నేను సాయం చేస్తానులే, ఇడ్లీ పెడతాను అంటే, అప్పటికి మిగిలిన పని రేకుల్లో పిండి వెయ్యడం ఒక్కటే.

ఇంకొకటి, ప్రతి ఇంట్లో ప్రతి సాయంత్రం జరిగేదే. "ఏం కూర చెయ్యమంటారు?" "ఏదో ఒకటి చెయ్యి." ఏదో ఒకటి అనడం సర్దుకుపోయే గుణం అనుకునేవాణ్ణి. ఆవిడకి కావాల్సింది నేను సర్దుకుపోవడం కాదు. ఫ్రిజ్‌లో ఏముంది, బీరకాయ ముదిరిపోతుందా, నిన్న పప్పే తిన్నామా, చిన్నవాడు వంకాయ తినడు కదా, అత్తయ్యకి కారం పడదు కదా, ఇవన్నీ కలిపి ఆలోచించి ఒక మాట చెప్పే మనిషి కావాలి. వండటానికి అరగంట పడుతుంది, కానీ ఏం వండాలన్న ఆలోచన బ్యాంకులో నాలుగు గంటలకే మొదలవుతుంది. ఆ ఆలోచన నాకు రావట్లేదంటే, నా తరఫున ఇంకొకరు చేస్తున్నారు కాబట్టే.

మా ఇంటి సంగతే ఇంతసేపు చెప్పాను, దేశం లెక్క కూడా చూడండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఎవరు ఏ పనికి ఎంత టైము పెడుతున్నారని సర్వే చేసింది. ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ 97 చూసి గంటన్నర పైనే కదా అనుకోకండి. అది ఆ రోజు ఇంటి పని ఏదో ఒకటి ముట్టుకున్న మగవాళ్ళ సగటు మాత్రమే, అలాంటివాళ్ళు నూటికి 26 మంది. ఆడవాళ్ళలో నూటికి 81 మంది. ముట్టుకోనివాళ్ళని కూడా కలిపి లెక్క కడితే మగవాడికి రోజుకి దాదాపు 25 నిమిషాలు వస్తుంది, ఆడమనిషికి నాలుగు గంటల పైన. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళది 289కి తగ్గింది, మగవాళ్ళది పెరగలేదు, అదీ 88కి తగ్గింది. తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఐదేళ్ళకి ఒక్క నిమిషం. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఇంటికే భోజనం తెచ్చే యాప్‌లు పెరిగి పని కాస్త తగ్గిందేమో, ఆ తగ్గుదల కూడా ఇద్దరికీ వచ్చిందన్నమాట. రోజులు మారుతున్నాయి, మగవాళ్ళు మారుతున్నారు అని ఎవరైనా అంటే నాకు ఆ ఒక్క నిమిషమే గుర్తొస్తుంది.

ఆ 2019 సర్వే అంకెలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఉదహరించారు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసు అది, నష్టపరిహారం లెక్కకట్టాలి, ఆవిడ గృహిణి. సంపాదన లేని మనిషికి ఆదాయం ఎలా లెక్కకడతారన్నది ప్రశ్న. ఇంటి పని పనే, దానికి విలువ కట్టాల్సిందే అని ఆయన విడిగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో తమ ప్రధాన పని ఇంటి పనే అని దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్ళు చెప్పారనీ, అలా చెప్పిన మగవాళ్ళు 58 లక్షల లోపనీ కూడా అందులో ఉంది. నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. మనిషి పోయాక కోర్టు కూర్చుని ఆ పనికి రూపాయల్లో విలువ కట్టగలిగింది, మనిషి ఉన్నప్పుడు మనం ఒక వారం రాసుకోలేకపోతున్నాం.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న ఆడవాళ్ళలో నూటికి తొంభై మంది ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఒక రోజు ఆపేశారు. చాలామంది తండ్రులు పిల్లల్ని వెంటపెట్టుకుని ఆఫీసులకి వెళ్ళాల్సివచ్చింది. మరుసటి ఏడాదే ఆ దేశంలో సమాన హక్కుల చట్టం వచ్చింది. ఒక రోజు ఆపితే దేశం తలకిందులైందంటే అవి వాయిదా పడని పనులు కాబట్టే కదా. నేను బండి సర్వీసింగ్ ఆపి సమ్మె చేస్తే మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇదంతా చెబితే నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. మొదటిది, "ఇలా లెక్కలు వేసుకుంటే అది కాపురమా, కంపెనీనా?" మా పెదనాన్న అన్న మాట ఇది, ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. లెక్క ఎప్పుడూ ఉంది పెదనాన్నా. చేసేవాళ్ళ మనసులో రోజూ రాసుకుంటూనే ఉన్నారు, పైకి చెప్పడం లేదంతే. కాగితం మీద పెట్టాక మా ఇంట్లో గొడవలు తగ్గాయి, ఎందుకంటే రాత్రి తొమ్మిదికి గిన్నె చప్పుడు కాస్త గట్టిగా వినిపిస్తే దాని అర్థం ఏమిటా అని నేను ఊహించుకోవాల్సిన పని లేదు.

రెండోది, "ఇద్దరూ ఉద్యోగాలు చేస్తే సరే, ఆవిడ ఇంట్లోనే ఉంటే?" ఇది అడగాల్సిన ప్రశ్నే. మా అక్క ఇంట్లోనే ఉంటుంది, బావగారికి షాపు, పొద్దున పదింటికి తెరిస్తే రాత్రి తొమ్మిది. ఆయన షాపులో ఉన్నంతసేపు ఆమె ఇంట్లో చేసే వంట, పిల్లలు, మామగారి మందులు, ఇవి ఆమె వంతు, న్యాయమే. కానీ తొమ్మిదిన్నరకి ఆయన ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాక ఆమె పని ఇంకో గంటన్నర నడుస్తుంది. అక్కడ అన్యాయం మొదలవుతుంది. ఎవరు ఎంత సంపాదిస్తున్నారు, ఎవరు ఎన్ని పనులు చేస్తున్నారు అన్నవి పక్కన పెట్టి, ఆ ఇంట్లో అందరూ ఒకే సమయానికి కూర్చోగలుగుతున్నారా అని చూస్తే చాలు, తేలిపోతుంది. ఆయన నిజంగా అలిసిపోయి వస్తాడు, నేను కాదనను, ఆమె కూడా అలిసిపోయే ఉంటుంది కాబట్టి ఆ గంటన్నర ఇద్దరూ చేస్తే ముప్పావుగంటలో అయిపోతుంది.

మూడోది, "పనావిడ ఉంది కదా." మాకూ ఉంది. మా ఇంటితో కలిపి నాలుగిళ్ళు చేస్తుంది, తర్వాత సొంత ఇంటికి వెళ్ళి ఇదే పని అయిదోసారి చేస్తుంది. మన మధ్యతరగతి ఇళ్ళలో పంపకం గొడవ తీరిందంటే చాలాసార్లు అది తీరలేదు, డబ్బిచ్చి ఇంకో ఆడమనిషి మీదికి జరిపాం. పైగా ఆవిడ రాని రోజున ఏమవుతుందో చూడండి. "అమ్మా, ఇవాళ రాలేను" అని ఫోను ఎవరికి వస్తుంది? ఆ ఫోను ఎవరికి వస్తే సింకులో గిన్నెలు వాళ్ళవి. మేం చేసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే, పనావిడ ఫోన్లో ఇప్పుడు నా నెంబరు ఉంది. సెలవులు, జీతం, అడ్వాన్సు, అన్నీ నాతోనే మాట్లాడుతుంది. రాని రోజున పొద్దున ఆరింటికి లేచేది నేను.

పంచుకోవడం ఎలా చేశామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ముందు ఆగని పనులు, ఆగే పనులు విడదీశాం. ఆగే పనులు ఎవరికి ఎన్ని వచ్చినా పట్టించుకోలేదు. ఆగని పనులని నేను రెండు భాగాలు చేశాను, ఆవిడ ముందు ఏరుకుంది. చిన్నప్పుడు మా అమ్మ మామిడిపండుకి పెట్టిన పద్ధతే, ఒకడు కోస్తే రెండోవాడు ముందు తీసుకోవాలి, అప్పుడు కోసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని సమానంగా కోస్తాడు. నేను రెండు భాగాలూ నాకు ఏది వచ్చినా పరవాలేదనిపించేదాకా మార్చి మార్చి రాశాను, మూడు రాత్రులు పట్టింది. ఆవిడ ఏరుకున్నాక నాకు మిగిలినవి పొద్దుటి టిఫిన్, డబ్బాలు, రాత్రి గిన్నెలూ గట్టూ, తోడు. ఆవిడవి రాత్రి వంట, పిల్లల చదువులు, బట్టలు. మధ్యాహ్నం వంట అమ్మ చూసుకుంటుంది.

నావి అంటే పూర్తిగా నావి. టిఫిన్ నాదంటే రేపు ఏం టిఫిన్ అన్న ఆలోచన, మినప్పప్పు నిండుకుంటే తేవడం, నానబెట్టడం, రుబ్బడం అన్నీ నావి. ఆవిడని అడగకూడదు, ఆవిడ గుర్తుచెయ్యకూడదు. మొదటి నెల రెండుసార్లు నానబెట్టడం మరిచిపోయాను, పిల్లలు బ్రెడ్డు తిని వెళ్ళారు, ఆవిడ చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి చాలా కష్టమైందని తర్వాత చెప్పింది. ఇంకో గొడవ కూడా వచ్చింది, నేను తోమిన గిన్నెలు ఆవిడ మళ్ళీ తోమేది, నాకు ఒళ్ళు మండేది. కూర్చుని మాట్లాడుకున్నాం. గిన్నెలు అయిపోయాయి అంటే ఏమిటో తేల్చుకున్నాం, గిన్నెలు కడిగి బోర్లించాలి, సింకు తోమాలి, గట్టు తుడవాలి, స్టవ్ తుడవాలి, గుడ్డ ఆరెయ్యాలి. నేను సింకు దాకా వచ్చి ఆపేస్తున్నాను, నా లెక్కలో అయిపోయినట్టు, ఆవిడ లెక్కలో సగం. అది తేలాక ఆవిడ తిరిగి తోమడం మానేసింది, నేను గుడ్డ ఆరెయ్యడం నేర్చుకున్నాను.

పిల్లలకి కంచాలు పెట్టడం, తీయడం. ఇదివరకు పాపనే పిలిచేవాళ్ళం, పాపా, కంచాలు పెట్టమ్మా అని, అలవాటుగా నోట్లోంచి వచ్చేసేది, చిన్నవాడు కూర్చుని ఉండేవాడు. ఇప్పుడు బేసి తేదీలు పాపవి, సరి తేదీలు వాడివి అన్నాం. జూలై 31 తన వంతు అయ్యాక ఆగస్టు 1 కూడా తన వంతే అని పాపకి అర్థమైంది. క్యాలెండర్ ముందు కూర్చుని లెక్కపెట్టింది, 31 రోజుల నెలలు ఏడు, కాబట్టి ఏడాదికి బేసి రోజులు 186, సరి రోజులు 179. వారం రోజుల తేడా, కుదరదు అంది. వచ్చే ఏడాది నుంచి జూలై 1కి సరి, బేసి మార్చుకుందామని తమ్ముడితో ఒప్పందం చేసుకుంది. అప్పుడు వాడికి 183, తనకి 182. 365 బేసి కాబట్టి ఒక రోజు ఎవరికో తప్పదు, ఆ పై ఏడాది అది నేను తీసుకుంటాలే అని తనే చెప్పింది. ఆ పిల్ల వాదించిన తీరు చూస్తే నాకు చాలా సంతోషమైంది, రేపు ఎవరింట్లో ఉన్నా, ఎవరితో ఉన్నా, అలా క్యాలెండర్ ముందు కూర్చుని అడగాలి.

ఇక అమ్మ. మా నాన్నగారు టీచరు, 2008లో యాభై ఎనిమిదేళ్ళకి రిటైరయ్యారు, స్కూల్లో శాలువా కప్పారు. ఆ రోజు ఇంటికొచ్చిన బంధువులందరికీ అమ్మే వండింది. నాన్నగారు పోయాక మా దగ్గరికి వచ్చేసింది. నేను గిన్నెలు తోముతుంటే మొదట్లో చూడలేకపోయేది, నువ్వెందుకురా, నేను లేనా అని సింకు దగ్గరికి వచ్చేసేది. మా ఆవిడని ఏమీ అనలేదు, కానీ ఆ మాట ఆవిడకి ఎలా తగులుతుందో నాకు తెలుసు. ఒక రోజు అమ్మతో ఒంటరిగా మాట్లాడాను. రూమ్‌లో ఉన్నప్పుడు నేనే తోముకున్నానమ్మా, అప్పుడు నీకు బాధ కలగలేదు కదా అన్నాను. అప్పుడు పెళ్ళి కాలేదు కదరా అంది. అని, తనే ఆగిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అమ్మ నుంచి మధ్యాహ్నం వంట తీసేసుకుంటే మంచిదా కాదా అన్నది నాకు ఇంకా తేలలేదు. మోకాళ్ళు నొప్పి, నిలబడలేదు. తీసేస్తానంటే ముఖం చిన్నబోతుంది, నేనింక దేనికీ పనికిరానా అంటుంది. గట్టు దగ్గర ఎత్తు స్టూల్ వేశాం, కూరగాయలు నేను రాత్రే తరిగి పెడుతున్నాను. ఇంతకంటే దారి నాకు ప్రస్తుతానికి కనిపించలేదు. పండగలకి మా ఊరెళ్తే మగవాళ్ళు ముందు పంక్తిలో తినేసి పడుకుంటారు, ఆడవాళ్ళు మూడు దాటాక కూర్చుంటారు, అప్పటికి పులిహోర అడుగున ఉంటుంది, గారెలు చల్లారిపోతాయి. అమ్మ అరవై ఏళ్ళుగా ఆ రెండో పంక్తి మనిషి.

మొన్న ఆదివారం దోసెలు. పెనం దగ్గర నేను. అమ్మని బలవంతం చేసి పిల్లలతో పాటు ముందు కూర్చోబెట్టాం. మొదటిది కంచంలో వేస్తే, పిల్లలకి పెట్టరా అంది. పిల్లలకి వేశాను, తర్వాత మళ్ళీ అమ్మ కంచంలో వేశాను. తిన్నది. అల్లప్పచ్చడి ఇంకాస్త వేసుకుంది. నేను మా ఆవిడకి వేస్తుంటే, మూడు అయ్యాయి నాన్నా, గరిటె ఇవ్వు అని పాప లేచి వచ్చింది, స్టూల్ ఎక్కి మొదటిది వంకరగా పోసింది. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది, "నాకింకొకటి వెయ్యవే, కాస్త పల్చగా."